గార్లదిన్నెలో వెండి బోదెలు

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం కర్నూలులో అనంతపురం బస్సు ఎక్కాను. డోన్ దాకా కునుకు తీసి, గుత్తి కొండ మీది కోట గోడలకు సాయంత్రపు ఎండ తగిలే వేళకు మేలుకున్నాను. పామిడి దగ్గర పెన్నలో ఎప్పటిలాగే ఇసుకే కనిపించింది. పదిహేనేళ్లుగా తిరుగుతున్న దారి ఇది. ఒకప్పుడు వేరుశనగ కోశాక బీడుగా పడి ఉండే ఎర్ర నేలల్లో ఇప్పుడు రోడ్డుకు అటూ ఇటూ వెండి చారలు మెరుస్తుంటే, కొత్తవాళ్లు వాటిని నీటి కాలువలనే అనుకుంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే జిల్లాలో అన్ని కాలువలు ఎక్కడివి! అవి మల్చింగ్ షీటు, అంటే నేలను కప్పే ప్లాస్టిక్ పొర, పరిచిన బోదెలు; మొక్కలు నాటడానికి ఎత్తుగా పోసిన మట్టి వరుసలు.

గార్లదిన్నె దగ్గర మా అక్కవాళ్ల పొలం ఉంది. మర్నాడు ఎకరా చేనులో కళింగరకు (పుచ్చకాయకు) షీటు పరచాలని, ఒక చేయి సాయం కావాలని బావ కబురు పెట్టాడు. చీకటి వీడకముందే లేపి, కాఫీ చేతికిచ్చి తోలుకుపోయాడు. ఎండెక్కాక పరిస్తే వేడికి సాగిన షీటు రాత్రి చలికి బిగుసుకుని చిరుగుతుందట, అందుకే ఆ తొందర. ఆరడుగుల ఎడంతో పోసిన బోదెలు పశువుల ఎరువు కలుపుకుని అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఎకరాకు లెక్కిస్తే సుమారు 2,200 మీటర్ల బోదె, అంటే 400 మీటర్ల చుట్టలు అయిదున్నర. చుట్టకు ఇనుప కడ్డీ దూర్చి ఇద్దరం లాగుతుంటే, వెనక ఇద్దరు ఆడకూలీలు అంచులను జానెడు లోతు చాలులో పెట్టి మట్టి కప్పి తొక్కుతూ వచ్చారు.

అంతకుముందు అరగంట సేపు బావ మోటారు వేసి, ప్రతి డ్రిప్పు పైపు వెంట వంగి నడిచి, చుక్క పడని చోటల్లా నీటిని చుక్కలుగా వదిలే గుల్లను విప్పి ఊది మళ్లీ బిగించాడు. ఇదంతా ఇప్పుడెందుకని విసుక్కున్నాను.

"షీటు కింద పోయినాక ఏది మూసుకుపోయిందో కనపడుతుందా అబ్బీ? మొక్క వాడినాకే తెలిసేది," అన్నాడు.

షీటు వెండి ముఖం పైకి, నల్ల ముఖం కిందికి ఉంటుంది. నలుపు వల్ల వెలుతురు నేలను చేరదు కాబట్టి మొలిచిన కలుపు పాలిపోయి చస్తుంది. పైనున్న వెండిరంగు వెలుతురును ఆకుల అడుగుభాగాల మీదికి తిప్పికొడుతుంది కాబట్టి అక్కడ దాగే తామర పురుగులు, పేనుబంక నిలవలేక పోతాయి. కళింగరలో మొగ్గకుళ్లు వైరస్‌ను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసేది ఆ తామర పురుగులే కనుక, ఈ ఒక్క గుణానికే షీటు ఖర్చు గిట్టుబాటవుతుందని నా అభిప్రాయం. అయితే తుంగకు మాత్రం ఇది లొంగదు. పక్క మడిలో రెండు నెలల టమాటా బోదె మీద సూదుల్లా షీటును పొడుచుకుని పైకి వచ్చిన తుంగ మొనలను నా కళ్లతోనే చూశాను.

ఆ టమాటా మడిలోనే షీటు అంచు ఒకచోట పైకెత్తి చూశాను. అడుగున చెమటలాగా నీటి బొట్లు పట్టి ఉన్నాయి, వేలితో తడితే తిరిగి మట్టిలోకే రాలాయి. రెండు మీటర్ల అవతల నడక దారి మన్ను అప్పటికే గుల్లబారి దుమ్ము లేస్తుంటే, ఇక్కడ వేలు కణుపు దాకా సులువుగా దిగింది. ఆవిరై గాలిలో కలిసిపోవలసిన నీరు ఇలా బోదెలోనే తిరుగాడడం వల్ల, నిరుడు షీటు లేని సాళ్లకు రోజూ గంటసేపు మోటారు వేసిన బావ, ఇప్పుడు నలభై నిమిషాలతో సరిపెడుతున్నాడు. బోరు అడుగంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ ఇరవై నిమిషాలే పంటను గట్టెక్కిస్తాయి. మూడుసార్లు తీయించే కలుపు ఒకసారికి తగ్గింది, అదీ నడక దారుల్లోనే. కాయ తడి మన్ను మీద పొర్లదు కనుక అడుగు కుళ్లదు, మచ్చ పడదు. దిగుబడి పెరుగుతుందని ఎవరైనా చెబుతారు గానీ, ఈ ప్రాంతపు రైతు దీన్ని పట్టుకున్నది ముందుగా నీటి కోసం, తర్వాత కూలి కోసం అని నాకు అర్థమైంది.

ఎండ ముదిరేలోపు పరచడం అయిపోయింది. పదును పెట్టిన ఇనుప గొట్టంతో రెండడుగులకొక రంధ్రం కొట్టాం. రంధ్రం చిన్నదైతే కాగిన షీటు లేత కాడకు తగిలి కాడ మాడిపోతుందని బావ గొట్టం వెడల్పు రెండుసార్లు కొలిచాడు. సాయంత్రం ట్రేలలోని నారు నాటే పని నాకే అప్పగించాడు. నేను నాటిన వరుస వంకరగా పోయిందని అక్క నవ్వింది.

పొలం చివరనున్న చెక్కలో, అంటే చిన్న నేల ముక్కలో, నాకు సిగ్గు మిగిలింది. అక్కడ పరిచినవి కిందటేడు కర్నూలులో ఒక దుకాణంలో 30 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందపు షీటు అని నమ్మి నేనే కొని పంపిన చుట్టలు. నిజానికి అందులో సగం మందం కూడా లేదు. వేసవి గాలులకు పేలికలై, పంట తీశాక చుట్టబెడదామంటే చేతిలోనే పొడిపొడిగా రాలిందట. దుక్కి దున్నినప్పుడల్లా ఆ ముక్కలు పైకి తేలుతున్నాయి. మంచి మందం ఉన్న షీటైతే అంచులు తవ్వి ఒకే వరుసగా లాగి చుట్టవచ్చు. దీన్ని మాత్రం గిల్లి ఏరాల్సిందే. కాల్చడానికి బావ ఒప్పుకోడు, గట్టు మీద వదిలితే ఆవులు నములుతాయి, మట్టి అంటిన పేలికలను పాత సామాన్లవాడు తీసుకోడు.

బస్సుకు ఇంకా రెండు గంటలుందని నేనూ అక్కా గోనెసంచి పట్టుకుని ఆ చెక్కలో కూర్చున్నాం. రెండు సాళ్లు ఏరేసరికి సంచి సగం నిండింది, ఇంకా పదకొండు సాళ్లు ఉన్నాయి.