అనుకోకుండా వియన్నాకు: మ్యూనిక్ నుండి ఒక వారాంతపు ప్రయాణం

వియన్నాలో ఫిజిక్స్ మాస్టర్స్ చేస్తున్న నా స్నేహితురాలి దగ్గరకు వెళ్లాలని నేను నిర్ణయించుకున్నది ఒక శుక్రవారం మధ్యాహ్నం. మ్యూనిక్ నుండి బయలుదేరింది ఆ సాయంత్రమే. థీసిస్ ముందుకు సాగక కొంతకాలంగా ఆమె ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఆ రోజు మాత్రం, "నీతో చాలా మాట్లాడాలే, కానీ ఫోన్‌లో చెప్పలేను" అన్నది. "అయితే రాత్రికి వచ్చేస్తాను, పడుకోకుండా ఉండు" అన్నాను. ఆ మాట అన్నంత తేలిగ్గా ఆ ప్రయాణం చేయగలగడానికి కొన్ని కారణాలున్నాయి. జర్మనీలో చదువుకుంటూ పక్క దేశంలోని స్నేహితులను చూసి రావాలనుకునే విద్యార్థులకు అవి ఉపయోగపడతాయని ఈ అనుభవం రాస్తున్నాను.

ముందుగా చూసుకోవలసింది టికెట్ కాదు, పత్రాలు. జర్మనీ ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్, గడువున్న పాస్‌పోర్టు చేతిలో ఉన్నవారు షెంగెన్ ప్రాంతంలోని (తమ మధ్య సరిహద్దు తనిఖీలను ఎత్తివేసుకున్న ఐరోపా దేశాల సమూహంలోని) మిగతా దేశాలకు, ఏ 180 రోజుల కాలాన్ని తీసుకున్నా అందులో 90 రోజులు మించకుండా, వేరే వీసా తీసుకోకుండానే వెళ్లి రావచ్చు. కొత్తగా వచ్చి ఇంకా రెసిడెన్స్ కార్డు అందని వారికి కూడా, పాస్‌పోర్టులో అతికించిన డి వర్గం (దీర్ఘకాలిక) వీసా గడువు ఉన్నంతకాలం, 2010 ఏప్రిల్ నుండి ఇదే వెసులుబాటు ఉంది. అయితే ఇది చూసి రావడానికి ఇచ్చిన వెసులుబాటే గాని, అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. పర్మిట్ గడువు ముగిసి, పొడిగింపు దరఖాస్తు పరిశీలనలో ఉన్నప్పుడు ఇచ్చే తాత్కాలిక పత్రం మాత్రమే ఉన్నవారు ఇలా అప్పటికప్పుడు బయలుదేరకూడదు. ఆ పత్రాల్లో రకాలున్నాయి, అన్నీ దేశం దాటి తిరిగి రావడానికి పనికిరావు. అటువంటివారు తమ ఊరి విదేశీయుల కార్యాలయంలో ముందుగా అడిగి తీరాలి.

నా స్నేహితురాలు వియన్నాలో కాక డబ్లిన్‌లోనో లండన్‌లోనో చదువుతూ ఉంటే నేను ఆ శుక్రవారం కదలగలిగేదాన్ని కాదు. ఐర్లాండ్ ఐరోపా సమాఖ్యలో ఉన్నా షెంగెన్‌లో లేదు, స్విట్జర్లాండ్ సమాఖ్యలో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. మనం చూడవలసింది షెంగెన్ జాబితాను. ఆ జాబితా మారుతూ ఉంటుంది కూడా: క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది, రొమేనియా, బల్గేరియాలకు మిగతా షెంగెన్ దేశాలతో ఉన్న భూ సరిహద్దుల్లో తనిఖీలు 2025 జనవరి 1న తొలగిపోయాయి. బ్రిటన్‌కైనా ఐర్లాండ్‌కైనా భారత పాస్‌పోర్టు ఉన్నవారు విడిగా వీసాకు దరఖాస్తు చేసి ఎదురుచూడవలసిందే.

సంచిలో నేను పెట్టుకున్నవి అసలు పాస్‌పోర్టు, అసలు రెసిడెన్స్ కార్డు, విశ్వవిద్యాలయం ఇచ్చిన విద్యార్థి గుర్తింపు పత్రం, ఆరోగ్య బీమా కార్డు. ఈ చివరిదాన్ని గురించి ఒక మాట చెప్పాలి. జర్మనీ చట్టబద్ధ ఆరోగ్య బీమాలో ఉన్నవారి కార్డు వెనుకవైపు సాధారణంగా యూరోపియన్ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఉంటుంది. ప్రయాణంలో అనుకోకుండా జబ్బు చేస్తే ఆస్ట్రియాలో ప్రభుత్వ వ్యవస్థకు చెందిన వైద్యుల దగ్గర అది చెల్లుతుంది. కానీ సమాఖ్య పౌరులు కాని మనవంటి వారికి డెన్మార్క్, స్విట్జర్లాండ్‌లలో ఆ కార్డు పనిచేయదు, అక్కడికి వెళ్లేవారు విడిగా ప్రయాణ బీమా తీసుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవారు తమ ఒప్పందంలో ఏముందో చదువుకోవాలి. ఫోన్ విషయంలో ఏ ఇబ్బందీ లేదు, 2017 జూన్ 15 నుండి సమాఖ్య దేశాల మధ్య రోమింగ్‌కు అదనపు రుసుము ఎత్తివేశారు.

ఇక టికెట్. మ్యూనిక్ నుండి వియన్నాకు నేరుగా వెళ్లే వేగవంతమైన రైలు సుమారు 4 గంటల్లో చేరుస్తుంది. కానీ బయలుదేరే రోజున దాని తక్కువ ధర టికెట్లు దొరకడం అరుదు. నేను ప్రయాణాన్ని రెండు ముక్కలు చేశాను. 2023 మే 1న మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు వేగవంతమైన దూరప్రాంత రైళ్లలో చెల్లదు గాని, ప్రాంతీయ రైళ్లలో దేశమంతటా చెల్లుతుంది. సరిహద్దు దాటి ఉన్న సాల్జ్‌బర్గ్ ప్రధాన స్టేషన్ వరకు కూడా ఆ పాసు మీద ప్రాంతీయ రైలులో వెళ్లవచ్చు. అందుచేత నేను విడిగా కొనవలసి వచ్చింది సాల్జ్‌బర్గ్ నుండి వియన్నాకు మాత్రమే. ఆ మార్గంలో ఆస్ట్రియా ప్రభుత్వ రైల్వేతో పాటు 2011 డిసెంబర్ నుండి వెస్ట్‌బాన్ అనే ప్రైవేటు సంస్థ కూడా రైళ్లు నడుపుతోంది. రైళ్లు తరచుగా ఉంటాయి కనుక ముందుగా రిజర్వు చేసుకోలేదన్న భయం అక్కరలేదు.

అయితే ఇలా ముక్కలు చేయడంలో ఒక చిక్కుంది. ప్రయాణమంతా ఒకే టికెట్టుగా కొన్నప్పుడు, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే గమ్యానికి చేర్చే బాధ్యత రైల్వేదే. 2023 జూన్ నుండి అమలులో ఉన్న ఐరోపా నిబంధనల ప్రకారం గమ్యానికి 60 నిమిషాలకు పైగా ఆలస్యమైతే ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం సాధారణంగా తిరిగి వస్తుంది. విడివిడిగా కొన్న టికెట్లకు ఆ రెండు ముక్కల మధ్య ఇటువంటి రక్షణ లేదు. నా ప్రయాణంలో సగం నెలవారీ పాసు మీద, సగం విడి టికెట్టు మీద సాగింది కనుక సాల్జ్‌బర్గ్‌లో రైలు మారడానికి గంటసేపు వ్యవధి ఉంచుకున్నాను. రెండో టికెట్టు కూడా ఒకే రైలుకు కట్టిపడేసే చవక రకం కాక, ఆ రోజున ఏ రైలుకైనా చెల్లే రకం తీసుకున్నాను. కొంచెం ఎక్కువ ఖర్చయినా మనసు నిశ్చింతగా ఉన్నది.

రోజెన్‌హైమ్ దాటిన తరువాత కీమ్జే సరస్సు కనిపించింది. బవేరియాలో అదే అన్నిటికన్నా పెద్ద సరస్సు. ఫ్రైలాసింగ్ తరువాత జాలాఖ్ నది దాటగానే ఆస్ట్రియా. వెళ్లేటప్పుడు మమ్మల్ని ఎవరూ ఆపలేదు. వియన్నాలో దిగేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది గాని, 2010 నుండి అక్కడి మెట్రో శుక్ర, శనివారాల్లో రాత్రంతా నడుస్తుంది కాబట్టి దారి కోసం వెతుక్కోలేదు. ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్న నా స్నేహితురాలు నన్ను చూడగానే, "నిజంగానే వచ్చేశావే!" అని చేతిలోని సంచి లాక్కున్నది. మెట్రోలో కూర్చున్నాక చాలాసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడలేదు, ఆమె నా చేయి మాత్రం వదలలేదు.

బస ఆమె హాస్టల్ గదిలోనే. ఆస్ట్రియాలో నివాసం మారినవారు 3 రోజుల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి, కానీ 3 రోజులు మించకుండా ఒకరింట ఉండే అతిథికి ఆ నిబంధన వర్తించదు. హాస్టల్ సొంత నియమాలు వేరే ఉంటాయి. అతిథులను రాత్రి ఉంచుకోవచ్చా, ముందుగా చెప్పాలా అన్నది ఒక్కో హాస్టల్‌లో ఒక్కో తీరు. నేను రైలెక్కే లోపే ఆమె తన హాస్టల్ కార్యాలయానికి ఈమెయిల్ రాసి అనుమతి తీసుకున్నది.

శనివారం ఉదయం నేను ఊరు చూడాలని అడగలేదు. నేను వెళ్లింది అందుకు కాదు. తన థీసిస్‌లో ఆగిపోయిన అధ్యాయాన్ని చదివి వినిపించమన్నాను. నేను చదివేది సివిల్ ఇంజనీరింగ్, ఆమె రాసేది నాకు సగానికి పైగా అర్థం కాదు. అర్థం కాని ప్రతిచోటా ఆపి అడిగాను. మొదట విసుక్కున్నది, తరువాత గోడకు కాగితాలు అంటించి బొమ్మలు గీసి చెప్పడం మొదలుపెట్టింది. అలా చెబుతూ చెబుతూ తన గైడ్‌ను అడగవలసిన ప్రశ్నలన్నీ ఒకచోట రాసుకున్నది. ఇన్నాళ్లూ ఆయన దగ్గరకు వెళ్లకపోవడానికి కారణం ఏమి అడగాలో తెలియకపోవడమేనని అప్పుడు చెప్పింది. దూరదేశంలో ఒంటరిగా చదివేవారికి తెలివితేటల కొరత ఉండదు, ఎదురుగా కూర్చుని వినేవారే కరువు. పక్క దేశంలో స్నేహితులుండి, వెళ్లే వీలుండి కూడా సెలవులదాకా వాయిదా వేయడం నాకు ఇప్పుడు అన్యాయంగానే తోస్తుంది.

సాయంత్రం ఆమే నన్ను రింగ్ రోడ్డు మీద ఉన్న తన విశ్వవిద్యాలయ ప్రధాన భవనానికి తీసుకువెళ్లింది. వియన్నా విశ్వవిద్యాలయం 1365లో స్థాపితమైనది, ఈ భవనం మాత్రం 1884 నాటిది. లోపల చుట్టూ వసారాలున్న పెద్ద ఆవరణ, ఆ వసారాల నిండా నూటయాభైకి పైగా పండితుల విగ్రహాలు. దాదాపు అందరూ పురుషులే. మహిళలను విద్యార్థినులుగా, అదీ తత్త్వశాస్త్ర విభాగంలో మాత్రమే, చేర్చుకోవడం 1897లో గాని మొదలుకాలేదు. 2016లో 7 మంది మహిళా పండితులకు అక్కడ స్మారకాలు నెలకొల్పారు. వారిలో భౌతిక శాస్త్రవేత్తలైన ఇద్దరిలో లీజె మైట్నర్ పేరు నాకు తెలుసు, బెర్టా కార్లిక్ పేరు తెలియదు. 85వ మూలకమైన ఆస్టటైన్ ప్రకృతిలో కూడా ఉంటుందని సహచరి ట్రౌడె బెర్నెర్ట్‌తో కలిసి చూపించిన కార్లిక్, 1956లో ఆ విశ్వవిద్యాలయపు తొలి మహిళా పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయ్యారు. "ఈవిడ పనిచేసిన రేడియం పరిశోధన సంస్థ బోల్ట్జ్‌మన్‌గాసెలో మా భవనం పక్కనే ఉండేది. రోజూ ఆ గుమ్మం ముందునుంచే నడుస్తాను" అని నా స్నేహితురాలు చెబుతుంటే ఆమె గొంతులో పాత ఉత్సాహం వినిపించింది.

ఆదివారం ఉదయం డాన్యూబ్ మధ్యనున్న ద్వీపం మీద నడిచాము. 21 కిలోమీటర్ల పొడవైన ఆ ద్వీపం వరదల నివారణకు 1972 నుండి 1988 వరకు సాగిన నిర్మాణంలో తయారైనది. నది పక్కన మరో కాలువ తవ్వి, ఆ మట్టితోనే ద్వీపాన్ని పోశారని నేను ఆమెకు వివరించాను. ఈసారి ప్రశ్నలు ఆమె వంతు.

తిరుగు ప్రయాణంలో పత్రాల అవసరం వచ్చింది. షెంగెన్ లోపల తనిఖీలుండవని విన్నవారు గమనించవలసిన విషయమిది: ఆస్ట్రియా సరిహద్దులో జర్మనీ 2015 సెప్టెంబర్‌లోనే తనిఖీలు తిరిగి మొదలుపెట్టింది, 2024 సెప్టెంబర్ 16 నుండి వాటిని తన భూ సరిహద్దులన్నిటికీ విస్తరించింది. సాల్జ్‌బర్గ్ నుండి బయలుదేరిన మా రైలు ఫ్రైలాసింగ్‌లో ఆగగానే ఫెడరల్ పోలీసులు ఎక్కారు. నా పాస్‌పోర్టు, కార్డు చూసి, ఎక్కడ చదువుతున్నానని అడిగి, క్షణాల్లో తిరిగి ఇచ్చారు. నా ఎదుటి వరుసలోని విద్యార్థి పాస్‌పోర్టు ఇంట్లో ఉంచి, దాని ఫోటో మాత్రం ఫోన్‌లో చూపించాడు. అతన్ని మర్యాదగానే కిందకు దిగమన్నారు. రైలు కదిలేసరికి అతను ఇంకా ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. అసలు పత్రాలే వెంట ఉండాలని ఇంతగా చెప్పడం అందుకే.

మంగళవారం ఆమె తన గైడ్‌ను కలిసింది, అధ్యాయాన్ని రెండుగా విడదీయమని ఆయన సలహా ఇచ్చారట. ఈసారి మ్యూనిక్‌కు రావడం ఆమె వంతు. ఆస్ట్రియా విద్యార్థి పర్మిట్‌ను సాధారణంగా ఏడాదికొకసారి పొడిగించుకోవాలి, గడువుకు 3 నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చు. అందుకని ఆమె ముందు తన కార్డు గడువు చూసుకుని దరఖాస్తు పంపింది. కొత్త కార్డు అందిన వారమే బయలుదేరుతానన్నది.