మార్చిలో బైకాల్: ఐసు మీద నడక

రష్యాలోని బైకాల్ సరస్సు చూడాలంటే మార్చి మొదటి సగంలోనే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. వేసవిలో పడవ ఎక్కినా అందంగానే ఉంటుంది. కానీ 1,642 మీటర్ల దాకా లోతున్న ఆ సరస్సు మీద కాలినడకన తిరిగే వీలు అది గడ్డకట్టినప్పుడే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ, మాస్కో మీదుగా బైకాల్‌కు దగ్గరి నగరం ఇర్కుత్స్క్ చేరాం. ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. చిక్కల్లా డబ్బుతోనే. 2022 మార్చి నుంచి మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డు కార్డులు రష్యాలో పనిచేయడం లేదు. చిరుగులూ రాతలూ లేని డాలర్ నోట్లు పట్టుకెళ్లి, ఇర్కుత్స్క్ దాటకముందే రూబుళ్లు చేసుకోవాలి.

ఇర్కుత్స్క్ నుంచి వ్యాన్‌లో ఒడ్డునున్న సఖ్యుర్త ఊరు, అక్కణ్ణుంచి గడ్డకట్టిన సరస్సు మీది ఐసు రోడ్డు మీదుగా ఓల్ఖాన్ దీవి. రోడ్డెక్కగానే సీటు బెల్టులు తీసేయాలి, ఐసు విరిగితే వెంటనే దూకేయడానికి. బండి మెల్లగానే పోవాలి. దాని బరువుకు ఐసు వంగి కింది నీళ్లలో అల లేస్తుంది, వేగం పెరిగితే ఆ అలే ఐసును చీల్చేస్తుంది.

దీవిలోని హుజీర్ ఊరి నుంచి ఉత్తరాన ఖొబోయ్ కొన వైపు గాలి మంచుపొడిని ఊడ్చేసిన చోట ఐసు గాజులా ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని చూడండి, తెల్లటి బుడగలు అప్పడాల దొంతరలా ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అడుగు నుంచి లేచే మీథేన్ ఐసుకు తగిలి పరుచుకుంటుంది. ఐసు కిందికి మందమెక్కే కొద్దీ ఒక్కో బుడగా లోపలే ఇరుక్కుపోతుంది. ఇంతకన్నా అందమైనది అక్కడ ఇంకేదీ నాకు కనబడలేదు.

పెద్ద చీలికలు ఏటా ఇంచుమించు అవే చోట్ల వస్తాయి. స్థానిక డ్రైవర్లకు అవి తెలుసు, కాబట్టి సొంతంగా బండి అద్దెకు తీసుకోవద్దు. సరస్సు నుంచి అంగారా నది బయల్దేరే లిస్త్‌వ్యాంక ఊరి దగ్గర ప్రవాహం వల్ల నీళ్లు చలికాలంలోనూ గడ్డకట్టవు. ఆ దరిదాపుల్లో ఐసు మీద కాలు పెట్టకూడదు.

బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. వాటికి తగిలించే ఇనుప ముళ్ల పట్టీలు తప్పనిసరి. ఫోను చొక్కా లోపలి జేబులో ఉంచాలి, చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది. గదిలోకి వచ్చే ముందు కెమెరాను బయటే పాలిథిన్ కవర్లో చుట్టేయాలి, లేకపోతే లెన్సంతా చెమ్మ.

గాలి ముదిరితే ఐసు రోడ్డు మూసేస్తారు. అందుకే తిరుగు విమానానికీ దీవి వదిలే రోజుకీ మధ్య ఇర్కుత్స్క్‌లో కనీసం ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.