మంచు కాల్చిన చేను

"ఈ మడిలో ఇక ఏమీ మిగలదు" అంటూ ఆ చేను సాగుచేసే రైతమ్మ ఒక ఆకును వేళ్లతో నలిపి చూపించింది. నిన్న పచ్చగా ఉన్న బంగాళాదుంప మొక్క, ఈ ఉదయం వేడినీళ్లు పోసినట్టు నల్లగా వాడిపోయింది.

ఇండోనేసియాలో, మధ్య జావాలోని డియెంగ్ పీఠభూమి ఇది. ఎత్తు 2,000 మీటర్ల పైమాటే. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలోనూ జూలై, ఆగస్టుల్లో తెల్లవారుజామున గడ్డిమీద మంచు గడ్డకడుతుంది. అర్జున ఆలయం దగ్గర పర్యాటకులు దాన్నే మురిసిపోతూ ఫోటోలు తీసుకుంటారు. నేనూ అందుకే వచ్చాను. ఈ చేను చూశాక కెమెరా తీయబుద్ధి కాలేదు.

1980ల నుంచి ఇక్కడ బంగాళాదుంపే ఆధారం. ఇళ్లు కట్టించింది, పిల్లల్ని చదివించింది, కొందరిని హజ్ యాత్రకూ పంపింది. దానికోసం కొండవాలు అంతా చెట్లు కొట్టి సాళ్లు తీశారు. వాన పడితే మట్టి సెరాయు నది దారి పడుతుంది. పంట నిలబడాలంటే ఎరువు మీద ఎరువు వేయాలి.

ఆ రైతమ్మ కొడుకు మాత్రం బంగాళాదుంప సేద్యం వద్దంటున్నాడు. ఇంట్లో రెండు గదులు పర్యాటకులకు అద్దెకిద్దామని, గట్ల మీద కారికా అనే కొండ బొప్పాయి చెట్లు పెంచుదామని అతని పట్టు. నాకది సబబుగానే తోచింది. కానీ చేను వదలడానికి తల్లికి మనసొప్పడం లేదు.

విత్తన దుంపలకు అప్పు ఎవరినడగాలా అని మధ్యాహ్నం నుంచి ఇంట్లో అదే చర్చ.