బసవడి గిట్ట నేలకు అంటింది: ఏడో ప్రయత్నం

నేను గీస్తున్న యానిమేషన్‌లోని ఒంగోలు గిత్త బసవడి నడకని రాత్రి పదకొండున్నరకు ఆఖరిసారి ప్లే చేసి చూశాను. ముందుకాలు నేల మీద పడింది, పడిన చోటే ఉంది, ఒళ్లు దాని మీదుగా ముందుకు సాగిపోయింది. మూడు వారాల తర్వాత బసవడు నిజంగా నడిచాడు! అప్పటికే ఇంట్లో అందరూ పడుకున్నారు, లేకపోతే పిలిచి చూపించేవాణ్ణి.

పోయినసారి రాసినప్పుడు బసవడి డిజైన్ దగ్గర ఆపాను. అది కుదిరింది. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, ఈ మూడింటితోనే ఉత్త నీడబొమ్మలో కూడా ఒంగోలు గిత్త అని తెలిసిపోతోంది. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు, నల్లటి మూతి, నల్లటి తోకకుచ్చు. రంగుల షీటు ఒక్క సాయంత్రంలో అయిపోయింది. 2002లో జాతీయ క్రీడలు మన రాష్ట్రంలో జరిగినప్పుడు మస్కట్ (ఆటల గుర్తుబొమ్మ) కూడా ఒంగోలు గిత్తే, పేరు వీర. మస్కట్‌కి ఒక మంచి భంగిమ ఉంటే పని జరుగుతుంది. నా బసవడు మాత్రం ఊరి బయట నుంచి చెరువు గట్టు దాకా నడవాలి.

కష్టమంతా ఆ నడకలోనే వచ్చింది.

చదలవాడ దగ్గర మామయ్య వాళ్ల ఊళ్లో గిత్తను పక్క నుంచి ఫోన్‌తో సెకనుకు 60 ఫ్రేముల్లో తీసుకొచ్చాను. ఎడమ వెనకకాలు పడిన దగ్గర్నుంచి మళ్లీ అదే కాలు పడే దాకా లెక్కపెడితే 80 ఫ్రేములు వచ్చాయి. నా యానిమేషన్ సెకనుకు 24 ఫ్రేములు, ఆ లెక్కలో అది 32. టూస్ మీద (రెండు ఫ్రేములకి ఒక బొమ్మ చొప్పున) గీస్తున్నాను కాబట్టి 16 బొమ్మలు. కాళ్ల వరస ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. ఒక్కొక్కటి ముందుదానికంటే నాలుగు బొమ్మలు ఆలస్యం. ఒక్కో కాలు పది బొమ్మల పాటు నేల మీద, ఆరు బొమ్మల పాటు గాల్లో. 1920×1080 కాన్వాస్ మీద ఒంటి పొడవు 620 పిక్సెళ్లు, గిట్ట వెడల్పు 46. ఇక్కడిదాకా అంతా సరిగ్గానే ఉంది.

మొదటి మూడు ప్రయత్నాల్లో బసవడు ఊగుతూ నడిచాడు. నేల మీద ఉన్న గిట్టకి కూడా ఈజ్ (నెమ్మదిగా మొదలై, వేగం అందుకుని, మళ్లీ నెమ్మదించడం) పెట్టడమే కారణం. స్పేసింగ్ (బొమ్మ బొమ్మకీ జరిగే దూరం, పిక్సెళ్లలో) 12, 18, 24, 30, 36, మళ్లీ 36, 30, 24, 18, 12 అని ఇచ్చాను. చెయ్యి ఊపినా తల తిప్పినా ఈజ్ పెట్టే అలవాటు కదా, కాలికీ పెట్టేశాను. తెర మీద బసవడి ఒళ్లు ఒకేచోట ఉంటుంది, నేలే వెనక్కి జరుగుతుంది. ఆ నేల మాత్రం ఒకే వేగంతో పోతోంది. నేల మీద ఉన్నంతసేపు గిట్ట కూడా అదే వేగంతో వెనక్కి పోవాలి. ఈజ్ ఏదైనా ఉంటే గాల్లో ఉన్న ఆరు బొమ్మల్లోనే. పదింటికీ సమానంగా 24 ఇచ్చాను. మొత్తం అదే 240.

ఊగడం పోయింది, జారడం వచ్చింది. దాన్ని మామయ్యకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు: "ఏందబ్బాయ్ ఇది, గిత్త రొచ్చులో జారినట్టు పోతా ఉంది?" ఆ మాట నాకు చాలా పనికొచ్చింది. రొచ్చులో జారితే కాలు వెనక్కి పోతుంది, ఒళ్లు అంత ముందుకు రాదు. అంటే నా నేల గిట్టకంటే నెమ్మదిగా కదులుతోందన్నమాట.

నేల లేయర్ మీద గిట్ట పడిన చోట ఎర్ర గుర్తు పెట్టి, బొమ్మ బొమ్మకీ గిట్ట దాన్నుంచి ఎంత దూరం జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ప్రతి బొమ్మకీ సరిగ్గా 9 పిక్సెళ్లు. పది బొమ్మలకి 90, అంటే దాదాపు రెండు గిట్టల వెడల్పు. చేతి పొరపాటైతే ఒకసారి 6, ఒకసారి 11 వచ్చేది. ఇంత కచ్చితంగా 9 వస్తోందంటే తప్పు లెక్కలోనే ఉంది. రెండు రోజులు వెతికితే దొరికింది. గిట్ట నేల మీద వెనక్కి వచ్చే దూరం 240 కాబట్టి ఒక సైకిల్‌కి (16 బొమ్మల పూర్తి వరసకి) బ్యాక్‌గ్రౌండ్ కూడా 240 జరిపాను. కానీ ఆ కాలు గాల్లో ఉన్న ఆరు బొమ్మల సేపు కూడా ఒళ్లు ముందుకు పోతూనే ఉంటుంది, మిగతా కాళ్లు మోస్తున్నాయి కదా. ఒక అడుగు దూరం అంటే 16 సార్లు 24, అంటే 384. నేను జరిపిన 240ని 16తో భాగిస్తే బొమ్మకి 15. 24లోంచి 15 పోతే 9. కాగితం మీద ఆ 9 కనిపించగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

384ని 32 ఫ్రేములకి పంచి, ఫ్రేముకి 12 చొప్పున ప్యాన్ (బ్యాక్‌గ్రౌండ్‌ని పక్కకి జరపడం) పెట్టాను. జారడం ఆగింది. కానీ గిట్ట వణుకుతోంది!

ఇది అన్నింటికంటే ఎక్కువ విసిగించింది. ముందు ప్లేయర్‌ని అనుమానించి ఇంకోదాంట్లో చూశాను, అదే వణుకు. తర్వాత వీడియో కంప్రెషన్ అనుకుని పీఎన్‌జీ బొమ్మలుగా ఎక్స్‌పోర్ట్ చేశాను, అప్పుడూ అంతే. లైన్ మందం మారుతోందేమోనని ముందుకాళ్ల పది బొమ్మలూ మళ్లీ క్లీనప్ చేశాను. ఒక ఆదివారం దానికే పోయింది. చివరికి ఆ పీఎన్‌జీలను ఒక్కొక్కటిగా తిప్పితే తెలిసింది. బొమ్మ రెండు ఫ్రేముల పాటు నిలబడుతుంది, నేల మాత్రం ప్రతి ఫ్రేముకీ 12 కదులుతోంది. మొదటి ఫ్రేములో గిట్ట ఎర్ర గుర్తు మీద, రెండో ఫ్రేములో గుర్తుకంటే 12 పిక్సెళ్లు ముందుకి, మూడో ఫ్రేములో మళ్లీ గుర్తు మీదికి. సెకనుకు 12 సార్లు ఇదే జరుగుతోంది.

రెండు దారులున్నాయి. బసవణ్ణి వన్స్ మీద (ఫ్రేముకో బొమ్మ చొప్పున) 32 బొమ్మలుగా గియ్యాలి, లేదా నేలను కూడా టూస్ మీద కదపాలి. నేను రెండోది పట్టుకున్నాను. ఓపెన్‌టూన్జ్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో, ఫంక్షన్ ఎడిటర్‌లో ప్యాన్ కీకి స్టెప్ 2 ఇస్తే చాలు, రెండు ఫ్రేములకోసారి 24 జరుగుతుంది. గిట్ట గుర్తు మీదే కూర్చుంది. అయితే సుబాబుల్ చెట్ల వరస ఇప్పుడు గడగడలాడుతోంది, సన్నటి నిలువు గీతలు కదా. దూరంగా ఉన్న తాటిచెట్లనీ పొగాకు బ్యారన్‌నీ వేరే లేయర్ చేసి వన్స్ మీద ఫ్రేముకి 2 పిక్సెళ్లు జరిపితే మెత్తగా పోతున్నాయి. సుబాబుల్‌ని తీసేసి గుండ్రటి తుమ్మ పొదలు పెడదామనుకుంటున్నాను.

కుడి వెనకకాలు ఏడో బొమ్మలో ఇంకా 3 పిక్సెళ్లు తప్పుతోంది. అది నా చేతి తప్పే, మళ్లీ గీస్తాను. గంగడోలు ఒంటికంటే రెండు బొమ్మలు ఆలస్యంగా ఊగితే మొదటిసారే కుదిరింది. మూపురాన్ని మాత్రం ఊపకండి. నేను కొంచెం ఊపి చూస్తే నీళ్ల సంచిలా కనిపించింది. అది కండ, పక్క నుంచి చూస్తే దాదాపు కదలదు.

బొమ్మలు గియ్యడానికి నాకు క్రిటాయే హాయి, ప్యాన్‌లకి ఓపెన్‌టూన్జ్. రెండూ ఉచితమే. క్లిప్ స్టూడియో బ్రష్షులు చాలా బాగుంటాయి, కానీ ప్రో వెర్షన్‌లో 24 ఫ్రేముల హద్దు ఉంది, ఇలాంటి షాట్‌కి చాలదు. స్క్రీన్ ఉన్న టాబ్లెట్ కొనాలా అని ఒక తమ్ముడు అడిగాడు. నా హ్యూయాన్ మామూలు పెన్ టాబ్లెట్టే. ఆ డబ్బుతో ముందు మంచి మానిటర్ కొనుక్కో అంటాను.

రిఫరెన్స్ వీడియోలు కావాలంటే "నెలోర్" అని వెతకండి. బ్రెజిల్‌లో ఈ జాతిని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. అక్కడి పశువులు పక్క నుంచి నడిచే వీడియోలు బోలెడు దొరికాయి. గంగడోలు మాత్రం మన గిత్తకున్నంత నిండుగా కనిపించలేదు నాకు.

తర్వాత షాట్ బండలాగుడు. అక్కడ ఈ లెక్కలేవీ సరిపోవు. వెనకకాళ్లు తన్నిపెట్టి ఒళ్లంతా ముందుకు వంగుతుంది, బండ కదిలేదాకా గిట్టలు అక్కడక్కడే తొక్కుతాయి, కదిలాక ఒక్కసారిగా వేగం. జతలో రెండో గిత్తకి ఇవే బొమ్మలు వాడకూడదు, అడుగు తేడాగా పడాలి. సంక్రాంతి పందేలకి మామయ్య తీసుకెళ్తానన్నాడు. ఈసారి ట్రైపాడ్ పట్టుకెళ్లి, గిట్టలు ఫ్రేములోంచి పోకుండా మోకాలి ఎత్తులో పెట్టి తీస్తాను.