కాస్ట్ పెట్టేశా అక్కా

అత్తయ్య, పిల్లాడు ఎప్పుడో పడుకున్నారు. నాకే నిద్ర రావడం లేదు. పొద్దున కోడ్ రివ్యూలో చూసిన ఆ ఒక్క లైను బుర్రలో తిరుగుతూనే ఉంది.

రోజు మొత్తం వసూలును పైసల్లో లెక్కేసి లాంగ్‌లో, అంటే 64 బిట్ల (సున్నా-ఒకట్ల) పూర్ణాంకంలో ఉంచుతాం. రిపోర్టు వాళ్ళు మాత్రం ఇంట్‌లో, అంటే 32 బిట్ల చిన్న పూర్ణాంకంలో అడుగుతారు. లాంగ్‌ని తెచ్చి ఇంట్‌లో పెడతానంటే మేం కోడ్ రాసే జావా భాష ఊరుకోదు కదా, విలువ పోవచ్చని ఎర్రర్ ఇచ్చి ఆపేసింది. మా టీమ్‌లోని కుర్రాడు దాని ముందు బ్రాకెట్లో ఇంట్ అని తగిలించి, అంటే బలవంతంగా ఆ రకంలోకి మార్చమని చెప్పి, "కాస్ట్ పెట్టేశా అక్కా, ఎర్రర్ పోయింది" అన్నాడు.

ఇంట్‌లో పట్టేది 2,14,74,83,647 వరకే. అన్ని పైసలంటే 2 కోట్ల 14 లక్షల 74 వేల చిల్లర రూపాయలు. పండగ రోజున 3 కోట్లు వచ్చాయంటే రిపోర్టులో మైనస్ 1,29,49,672 రూపాయల 96 పైసలు పడుతుంది. కాస్ట్ పెట్టాక జావా కిక్కురుమనదు, పై బిట్లు కోసేసి కింది 32 బిట్లు చేతిలో పెడుతుంది, వాటిలో మొదటిది 1 అయితే మైనస్ అన్నమాట. ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే, "అంత ఎప్పుడొస్తుందిలే అక్కా" అన్నాడు. ఒళ్ళు మండింది.

కాలేజీలో సీ భాష ల్యాబ్ గుర్తొచ్చింది. టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేర్ నీలం తెర, మార్కుల శాతం ప్రోగ్రాం. 547ని 600తో భాగించి వందతో గుణిస్తే అందరికీ సున్నా వస్తోంది, రెండూ పూర్ణాంకాలే మరి, దశాంశం కొట్టుకుపోతుంది. పక్క బెంచి అమ్మాయి తెలివిగా ముందే వందతో గుణించింది. మైనస్ 18 శాతం వచ్చింది! ల్యాబంతా ఒకటే నవ్వులు. సార్ నవ్వలేదు. బోర్డు మీద 54,700 రాసి దాని కింద 32,767 రాశారు. టర్బో సీలో ఇంట్ అంటే 16 బిట్లే, పట్టేది అంతవరకే. 54,700లోంచి 65,536 తీసేస్తే మైనస్ 10,836, దాన్ని 600తో భాగిస్తే మైనస్ 18. ఆ తర్వాత కాస్ట్ ఎక్కడ పెట్టాలో చూపించారు. భాగహారం మొత్తానికి బ్రాకెట్ వేసి బయట ఫ్లోట్ (దశాంశాలు పట్టే రకం) అని పెడితే ఆ సున్నాయే ఫ్లోట్ అవుతుంది. 547 ముందు పెడితేనే, వందతో గుణించాక 91.17 వస్తుంది. "పోయాక మార్చి ఏం లాభం అమ్మా" అన్నారు. ఎంత బాగా చెప్పారో.

జావా మీద కూడా నాకు కోపమే. లాంగ్ నుంచి ఇంట్‌కి ఇంత గొడవ చేసేది, ఇంట్ నుంచి ఫ్లోట్‌కి మాత్రం మాట్లాడకుండా మార్చేస్తుంది. ఫ్లోట్‌లో అన్ని అంకెలు కచ్చితంగా పట్టవు, 1,67,77,217 కాస్తా 1,67,77,216 అయిపోతుంది, అడిగే నాథుడు లేడు.

సరే, కాస్ట్ తీసేసి టుఇంట్‌ఎగ్జాక్ట్ అనే ఫంక్షన్ పెట్టమని రివ్యూలో రాశాను. జావా 8 నుంచి ఉన్నదే, విలువ పట్టకపోతే ఎక్సెప్షన్ ఇస్తుంది, అంటే తప్పు జరిగిందని కేకేసి అక్కడే ఆపేస్తుంది. అక్కడితో అయిపోయింది అనుకున్నా. పడుకోబోతుంటే యూరప్ వాళ్ళ ఏరియన్ 5 రాకెట్ గుర్తొచ్చింది. 1996 జూన్ 4. 64 బిట్ల ఫ్లోట్‌ని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేచోట విలువ పట్టలేదు. అడా భాష కాబట్టి ఎక్సెప్షన్ వచ్చింది, దాన్ని పట్టుకునే కోడ్ లేదు. రాకెట్ ఎటు పోతోందో చెప్పే కంప్యూటర్లు రెండూ ఆగిపోయాయి. దాదాపు 40 సెకన్లకే రాకెట్ ముక్కలైంది. అలాంటి వేరియబుల్స్ ఏడుంటే నాలుగింటికే రక్షణ పెట్టారు. మిగతా మూడూ అంత పెరగవులే అనుకున్నారు, అంతకుముందు రాకెట్ ఏరియన్ 4కి ఆ లెక్క సరిపోయింది కూడా. పైగా విలువ పట్టని ఆ కోడ్‌తో రాకెట్ పైకి లేచాక పనే లేదు.

అంటే నేను రాసిన కామెంటుతోనూ పని జరగదు. పండగ రాత్రి ఎక్సెప్షన్ వచ్చి రిపోర్టే ఆగిపోతే ఎవరికి లాభం? అసలు కాస్టే ఉండకూడదు. రిపోర్టు టేబుల్‌లో ఆ కాలమ్‌నే లాంగ్ చేయాలి. అది మా కుర్రాడి చేతిలో లేదు, పాపం వాణ్ణి అనవసరంగా కసిరాను అనిపిస్తోంది. కానీ "అంత ఎప్పుడొస్తుందిలే" అన్న మాటకి మాత్రం కోపం పోలేదు.

రేపు పొద్దున స్టాండప్ మీటింగ్‌కి ముందే రిపోర్టు టీమ్‌కి ఫోన్ చేస్తాను. దసరాలోపు కాలమ్ మారుస్తామంటే సరే. లేదంటే ఆ లైను అసలు కోడ్‌లో మెర్జ్ కానివ్వను.