స్వస్థత సాక్ష్యం లేని ఇంటి నుంచి

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాలకు సమయం ఇస్తారు. ఒకరికి ఉద్యోగం వచ్చి ఉంటుంది, ఒకరికి పెళ్లయిన చాలా ఏళ్లకు బిడ్డ పుట్టి ఉంటుంది, డాక్టర్లు ఆశ వదిలేసిన మనిషి లేచి నడిచానని చెబుతాడు. నేను కూడా వాళ్లతో కలిసి మనస్ఫూర్తిగా దేవునికి స్తోత్రం చెబుతాను. అయితే అదే చాపల మీద, అదే వరుసలో, చెప్పుకోవడానికి ఇంకా ఏమీ దొరకని వాళ్లు కూడా కూర్చుని ఉంటారు. ఏళ్ల తరబడి ప్రార్థన చేస్తున్నారు, జబ్బు అలాగే ఉంది, అప్పు అలాగే ఉంది, కొడుకు ఇంటికి రాలేదు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. మాది అలాంటి ఇల్లే.

మావారు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవారు. బీపీ ఉందని ఎవరికీ తెలియదు, ఎప్పుడూ చూపించుకున్నదీ లేదు. కాళ్లు వాచి, రాత్రుళ్లు పడుకుంటే ఊపిరి ఆడక కూర్చుండిపోతుంటే ఒంగోలులో టెస్టులు చేయించాం. రెండు కిడ్నీలూ అప్పటికే పాడైపోయాయి. అప్పటి నుంచి డయాలసిస్ మీదే ఉన్నారు, అంటే కిడ్నీల బదులు మిషను రక్తాన్ని శుభ్రం చేస్తుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు, లేకపోతే మా వల్ల అయ్యేది కాదు. రానుపోను ఖర్చు, ఇంజెక్షన్లు, మానేసిన పని... అవి మాత్రం మా మీదే.

డయాలసిస్ ఇంట్లో లేనివాళ్లకు ఇది అర్థం కావడం కష్టం. మే నెల ఒంగోలు ఎండలో మనిషికి నీళ్లు కొలిచి ఇవ్వాలి. తాగిన నీళ్లు బయటకు పోవు, ఒంట్లోనే ఉండి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. టీ, మజ్జిగ, చారు, మాత్ర వేసుకునే గుక్క, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దు, పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండుతాను. మూత్రపిండాలు చేయాల్సిన పనిని ఒక మనిషి నోరు కట్టుకుని చేయాల్సి వస్తుంది. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, రక్తనాళాలు కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ అది. దాని మీద చెయ్యి పెడితే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. ఆ జుమ్మనడం ఆగితే ఫిస్టులా మూసుకుపోయినట్టే. అందుకే రోజూ పడుకునే ముందు చేత్తో చూస్తాను. కుటుంబ ప్రార్థన అయ్యాక చేసే చివరి పని అది.

ఇదంతా మొదలైన ఏడాది, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి ఇచ్చే బైబిలు వచనం కార్డు) మీద "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అని ఉంది. నిర్గమకాండం 15వ అధ్యాయం, 26వ వచనం. ఆ కార్డును ల్యాబు రిపోర్టుల ఫైలులోనే పెట్టాను. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ టెస్టు కాగితం, వాగ్దాన కార్డు ఒకే కవరులో ఉన్నాయి. ఫైలు తీసిన ప్రతిసారీ నాకు కోపం వచ్చేది. ప్రభువా, ఇదేంటి, అని అడిగేదాన్ని. అడగడం పాపమని నేను అనుకోను. ఎందుకో చెబుతాను.

కార్డు మీద ఒక్క మాటే ఉంటుంది. ఆ అధ్యాయమంతా చదివితే ఆ మాట ఎక్కడ చెప్పారో కనిపిస్తుంది. ఎర్ర సముద్రం దాటిన మూడు రోజులకే నీళ్లు లేక, దొరికిన నీళ్లు చేదుగా ఉండి, ఇశ్రాయేలు జనం సణుగుతున్న మారా దగ్గర చెప్పిన మాట అది. ఆ తర్వాత పన్నెండు ఊటలున్న ఏలీము వస్తుంది, నిజమే. దాని తర్వాత మళ్లీ అరణ్యమే, నలభై ఏళ్లు. స్వస్థపరచే దేవుణ్ణి నేనే అని చెప్పిన దేవుడు వాళ్లను ఎడారిలో నుంచి ఎత్తి కనానులో పెట్టలేదు. వాళ్లతో పాటు నడిచాడు. 16వ అధ్యాయంలో తినడానికి ఆకాశం నుంచి మన్నా ఇచ్చాడు, అది కూడా ఏ రోజుది ఆ రోజుకే, దాచుకుంటే పురుగులు పట్టాయి. ఆరో రోజున మాత్రం రెండింతలు, ఎందుకంటే విశ్రాంతి దినాన ఏమీ దొరకదు.

మేం వెళ్లే డయాలసిస్ యూనిట్‌లో ఆదివారం డయాలసిస్ ఉండదు. మావారికి సోమ, బుధ, శుక్రవారాలు. కాబట్టి శుక్రవారం నుంచి సోమవారం వరకు ఉండే విరామమే అన్నిటికన్నా కష్టం. ఆదివారం గుడికి వచ్చేసరికి పాదాలు చెప్పుల్లో పట్టవు. నెలకోసారి ప్రభువు బల్ల తీసుకున్నప్పుడు ఆ చిన్న గిన్నెలోని ద్రాక్షారసం కూడా ఆయన ఆ రోజు లెక్కలో వేసుకుంటారు. సోమవారం మిషను మీద పడుకున్నాక, మళ్లీ రెండు రోజులకు సరిపడా ప్రాణం వస్తుంది, అంతే. వచ్చే నెలకి కావాల్సింది ఇవాళ ఇవ్వరు. మన్నా సంగతి చిన్నప్పుడు సండే స్కూలులో బొమ్మలు చూసి నేర్చుకున్నాను, ఇప్పుడు తింటున్నాను.

మనుషులు చెప్పిన మాటల గురించి కూడా రాయాలి, ఎందుకంటే జబ్బు కంటే అవే ఎక్కువ గుచ్చుకున్న రోజులున్నాయి. పరామర్శకు వచ్చి, "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండమ్మా" అన్నవాళ్లు ఉన్నారు. "విశ్వాసం ఉంటే ఇలా అవదు" అన్నవాళ్లు ఉన్నారు. వేరే ఊరి నుంచి ప్రార్థనకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, మిషను మీద నమ్మకం పెట్టుకుంటే దేవుడు ఎలా పనిచేస్తాడు, మూడు వారాలు మానేసి చూడండి అని మా ఇంట్లోనే కూర్చుని చెప్పాడు. డయాలసిస్ మూడు వారాలు మానేస్తే మనిషి మిగలడు. మా అత్తగారు చదువుకోలేదు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మాత్రం పుస్తకం లేకుండా పాడుతుంది. ఆవిడ లేచి, "అయ్యగారూ, మా యేసయ్య ఆస్పత్రి గుమ్మం కాడ ఆగిపోయేవోడు కాదు, లోపలికి వస్తాడు, మీరు టీ తాగి వెళ్లండి" అంది. ఎవరైనా మీకు మందులు మానమని చెబితే, దయచేసి, దయచేసి వినకండి. పౌలు తన వెంట ఉన్న లూకాను ప్రియమైన వైద్యుడు అని పిలిచాడు. కడుపు జబ్బున్న తిమోతికి ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు, నమ్మకం పెంచుకోమని కాదు.

ఇంకో సంగతి చూడండి. అపొస్తలుల కార్యములు 19లో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే జబ్బులు పోయాయని ఉంది. అదే పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర, త్రోఫిముకు జబ్బుగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని ఒక్క వాక్యం రాశాడు. త్రోఫిముకు విశ్వాసం తక్కువని రాయలేదు, పాపం ఉందని రాయలేదు, వివరణే ఇవ్వలేదు. అతను పౌలుతో పాటు దేశాలు తిరిగిన సేవకుడు. చాలా ప్రసంగాలు విన్నాను గానీ ఆ వచనం మీద ఒక్కటి కూడా వినలేదు. మంచం మీద మనిషి ఉన్న ఇంటికి ఆ ఒక్క వాక్యం ఎంత ఊరటో! బాగుపడని స్నేహితుడు పౌలుకు కూడా ఉన్నాడు. పౌలుకే శరీరంలో ముల్లు లాంటి బాధ ఒకటి ఉంది, మూడుసార్లు వేడుకున్నా తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది.

యోబు స్నేహితులు మొదట చేసింది మంచి పనే. ఏడు రోజులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, అతని బాధ చూసి ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడగొట్టారు. చివర దేవుడు కోప్పడింది కూడా వాళ్ల మీదే, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగ్గా పలకలేదు అని. అన్ని అధ్యాయాలు దేవుణ్ణి నిలదీసిన యోబు సరిగ్గా మాట్లాడినవాడయ్యాడు! అందుకే అడగడం పాపం కాదంటున్నాను. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. 88వ కీర్తన ఇంకా గట్టిది, ఎక్కడా వెలుగు రాకుండా చీకటి అన్న మాట దగ్గరే అయిపోతుంది. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. స్తుతి రాని రాత్రి నేను దాన్నే పైకి చదువుతాను, అదే నా ప్రార్థన.

మా నాయనమ్మ చెప్పేది, మన పెద్దలు కరువులో కాలువ తవ్విన చేతులతో దేవుణ్ణి పట్టుకున్నారే అని. చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఆవిడ చెప్పింది ధాత కరువు గురించి, అది 1876 నుంచి 78 దాకా వచ్చింది. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, ఆకలితో ఉన్నవాళ్లకు పని దొరకాలని బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పనికి వచ్చినవాళ్లలో చాలామంది ఊరికి అవతల బతికిన మాదిగలు. కూలి డబ్బు చూసి మతంలోకి వచ్చారని అనిపించుకోకూడదని ఆయన కరువు సహాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దానికి పాతికేళ్ల ముందు అమెరికాలో ఆ బాప్టిస్టు సంఘం వాళ్లు ఇక్కడి తెలుగు సువార్త పనిని మూసేద్దామా అని ఆలోచించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మిషనరీలైన జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ప్రార్థించినప్పుడు కింద వాళ్లకంటూ ఏమీ లేదు.

అంకె చెప్పి గొప్పలు పోవడానికి కాదు ఇది రాసింది. ఆ జనం అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు. పిల్లల్ని పూడ్చిపెట్టి వచ్చినవాళ్లు ఉంటారు వాళ్లలో. కరువు తీసేసినందుకు దేవుణ్ణి నమ్మారంటే ఆ లెక్క కుదరదు, పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఊళ్లో ఎవరూ తాకనివాళ్లను, పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకునే దేవుడు ఒకడున్నాడని తెలిసింది వాళ్లకి. ఆ విశ్వాసం మా దాకా వచ్చింది. శ్రమ లేని జీవితం ఇస్తానన్న విశ్వాసమైతే మొదటి తరంలోనే ఆగిపోయేది.

మరి నాకు ఆదరణ ఎక్కడ దొరికింది అంటే, ఏలీయాకు దొరికినట్టే. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడుకుని, చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి అతన్ని మందలించలేదు, ప్రసంగం చేయలేదు. "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మా పాస్టరమ్మగారు ఒక సోమవారం యూనిట్ దగ్గరికి వచ్చి, నన్ను బెంచీ మీద పడుకోమని, నాలుగు గంటలూ నా బదులు ఆవిడ కూర్చుంది. వాక్యం చెప్పలేదు. నిద్ర లేచాక టిఫిన్ బాక్సు తీసి నాకు పెట్టింది. ఆ తర్వాత ఆవిడ ఏ వాక్యం చెప్పినా నేను వినగలిగాను.

యూనిట్ బయట కూర్చునే ఆడవాళ్లం ఒకరికొకరం ఉన్నాం. కందుకూరు వైపు నుంచి వచ్చే ఒక ముస్లిం ఆవిడ, కొండపి నుంచి తండ్రిని తీసుకొచ్చే అమ్మాయి, నేను. ఎవరి మనిషికి మధ్యలో బీపీ పడిపోయినా, పిక్కలు పట్టేసి అరిచినా ముగ్గురం లేస్తాం. అక్కా నువ్వు చర్చిలో మా నాన్నకి కూడా ప్రార్థన చేయించు అంటుంది ఆ అమ్మాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆయన పేరు కూడా చెబుతున్నాం. పౌలు కొరింథీయులకు రెండో ఉత్తరం మొదట్లోనే రాశాడు కదా, మనకు దొరికిన ఆదరణతో శ్రమలో ఉన్న వేరేవాళ్లను ఆదరించడానికే దేవుడు మనల్ని ఆదరిస్తున్నాడని. నేను దాన్ని ఇంతకుముందు కష్టం తీరిపోయినవాళ్లకు ఇచ్చిన పని అనుకునేదాన్ని. తీరకముందే చేయొచ్చు.

మావారి పేరు అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో నమోదు చేయించాం. కిడ్నీ దొరకాలని అడుగుతూనే ఉన్నాం, స్వస్థత కోసం ప్రార్థన మానలేదు, మానం కూడా. దేవుడు చేయగలడని నేను నమ్ముతున్నాను. చేయకపోయినా ఆయన్ని వదిలి ఎక్కడికీ పోను. ఈ రెండూ కలిపి ఒకే ప్రార్థనలో చెప్పడం ఇప్పుడు వచ్చింది, కొన్ని రాత్రులు ఏడుస్తూ చెబుతాను, అంతే తేడా.

మీ సంఘంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఉంటే వెళ్లండి, కానీ ముందు ఫోన్ చేసి వెళ్లండి. మిషను మీద నుంచి వచ్చిన రోజు వాళ్లు మాట్లాడలేరు, మర్నాడు పొద్దున బాగుంటుంది. ఫిస్టులా ఉన్న చేతిని గట్టిగా పట్టుకుని ప్రార్థన చేయకండి. పండ్లు, కొబ్బరిబోండాలు తీసుకెళ్లకండి. వీలైతే ఇంట్లో ఉన్న ఆవిడకి ఒక పూట వంట చేసి పెట్టండి, లేదా ఒక సోమవారం ఆవిడ బదులు మీరు ఆస్పత్రిలో కూర్చోండి.