బీరప్ప కథకు మాటా మూతీ కలిపిన వైనం: వేవ్‌ఫామ్‌తో నా అనుభవం

మా నకిరేకల్ వైపు కురుమవాడల్లో తమ కులదైవం బీరప్పకు పండుగ చేసి పట్నాలు (రంగుల ముగ్గులు) వేస్తే ఒగ్గుకథ తెల్లవార్లూ నడుస్తుంది. బీరప్ప పుట్టుక, కామరాతితో లగ్గం, నడుమ నడుమ పిట్టకథలు. మా ఊళ్ళో కథ చెప్పే పెద్దమనిషికి డెబ్బై దాటాయి. ఆయన చెప్పే వరుస గురువు నోటి నుంచి నేర్చుకున్నది, ఎక్కడా రాసిపెట్టుకున్నది కాదు. అందుకే మొత్తం కథను రికార్డు చేసి దాచాలని మా బావ, నేను పూనుకున్నాం.

కథకుడి అంగీకి చిన్న మైకు పెట్టి, దాన్ని జేబులోని రికార్డరుకు కలిపాం. పందిరి ముందర ఒక ఫోను, డోలు వాయించేవాళ్ళ పక్కన ఇంకో ఫోను, జనం వెనకాల స్టాండు మీద కెమెరా. పందిరికీ ఆ కెమెరాకూ మధ్య దూరం 35 మీటర్ల దాకా ఉంటుంది. షూటింగ్ సాఫీగానే అయింది. అసలు పని నల్లగొండకు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక మొదలైంది.

నేను వాడేది డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, డబ్బు కట్టక్కర్లేని రకం. క్లిప్పులన్నీ ఎంచుకుని వేవ్‌ఫామ్ (శబ్దం హెచ్చుతగ్గులను తెర మీద చూపే గీతల బొమ్మ) ఆధారంగా ఆటో సింక్ చేయమంటే, ప్రతి క్లిప్పులోని శబ్దం ఆకారాన్ని మిగతావాటితో పోల్చి, ఎక్కడ బాగా సరిపోతే అక్కడ కలుపుతుంది. మాటలు మాత్రమే ఉన్న చోట చక్కగా కలిపింది. డోలు నడిచిన చోట తప్పింది. కారణం డోలు వరుసలోనే ఉంది. ఒకే దరువు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒక చుట్టు ఆకారం, తర్వాతి చుట్టు ఆకారం దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక చుట్టు జరిగి కూర్చున్నా సాఫ్ట్‌వేర్‌కు అది సరైన జతలాగే కనిపిస్తుంది. మొదటి ముక్క పంపితే పెద్దాయన ఫోన్లో చూసి, "నా మాట ఒకదిక్కు పోతున్నది, మూతి ఒకదిక్కు పోతున్నది, ఏంది బిడ్డా?" అన్నాడు.

ఇక కంటితోనే కలపాలి. ముందు ట్రాకుల (తెర మీద ఒక్కో క్లిప్పు శబ్దం కనిపించే పట్టీల) ఎత్తు పెంచాను. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ చాలా మందికి ఇక్కడే చిక్కు. మామూలు స్కేలులో గరిష్ఠం కంటే 20 డెసిబెల్స్ తక్కువ ఉన్న శబ్దం పదో వంతు ఎత్తే కనిపిస్తుంది, 30 తక్కువైతే ముప్ఫయ్యో వంతు. అంటే మెల్లగా చెప్పిన మాట చెవికి స్పష్టంగా వినిపిస్తూనే తెర మీద సన్నని గీతలా ఉంటుంది. అది చూసి ఇక్కడ ఏమీ లేదనుకుని కోసేస్తే ఒక వాక్యమే పోతుంది. ట్రాకు ఎత్తు పెంచితే బొమ్మే పెరుగుతుంది, శబ్దం మారదు. ధైర్యంగా పెంచుకోవచ్చు.

తర్వాత అన్ని క్లిప్పుల్లోనూ ఒకే ఒక్కసారి వచ్చిన చప్పుడు కోసం వెతికాను. సినిమావాళ్ళు క్లాపు కొట్టేది ఇందుకే. మాకు ఆ పని కథ మొదట్లో కొట్టిన కొబ్బరికాయ చేసిపెట్టింది. అంతకుముందు కాస్త నిశ్శబ్దం, ఒక్క నిటారు గీత, మళ్ళీ నిశ్శబ్దం. అన్ని ట్రాకుల్లోనూ ఆ గీతను ఒకే చోటికి తెచ్చి నిలిపాను. ముందర ఫోను బాగా కలిసింది. వెనక కెమెరా మాత్రం వేవ్‌ఫామ్‌లు అచ్చంగా కలిసినా, చూస్తుంటే పెదవులు ముందు కదిలి మాట వెనక వస్తున్నది.

ఈ తేడా దూరం వల్ల వచ్చింది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 35 మీటర్లు దాటడానికి సెకనులో పదో వంతు పడుతుంది. బొమ్మ మాత్రం అప్పటికప్పుడే చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంటే ఆ కెమెరాలో శబ్దం బొమ్మకంటే రెండున్నర ఫ్రేములు ఆలస్యంగా పడింది. ఆ ఆలస్యపు శబ్దాన్ని కథకుడి మైకు శబ్దంతో కలిపితే, బొమ్మ అంత ముందుకు జరిగిపోయినట్టే. ఆ క్లిప్పును కుడివైపుకు, అంటే ఆలస్యంగా వచ్చేలా, మూడు ఫ్రేములు జరిపి చూస్తే కుదిరింది. వేవ్‌ఫామ్‌లు ఇప్పుడు ఒకదానిమీద ఒకటి లేవు, మూతి మాత్రం మాటతో ఉంది. దూరంగా పెట్టిన ఏ కెమెరాకైనా ఇది చూసుకోవాల్సిందే.

పెదవులు కలిశాయో లేదో తేల్చుకోవడానికి నాకు బాగా అక్కరకొచ్చింది బీరప్ప పేరే. 'ప్ప' పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, గాలి ఆగుతుంది, వేవ్‌ఫామ్‌లో ఒక ఖాళీ వస్తుంది. పెదవులు విడగానే చిన్న గీత లేస్తుంది. వత్తు ఉంది కాబట్టి ఆ ఖాళీ ఒక్క 'ప' కంటే వెడల్పుగా, సులువుగా దొరుకుతుంది. బొమ్మలో పెదవులు తెరుచుకున్న ఫ్రేమును, కింద ఆ గీతను పక్కపక్కన పెట్టుకుంటే సరిపోతుంది. కథలో ఆ పేరు రాని నిమిషం తక్కువ. 'స', 'శ' ఇందుకు పనికిరావు. అవి ఒత్తుగా పరుచుకున్నట్టు కనిపిస్తాయి, మొదలెక్కడో తేలదు. అచ్చులైతే సాగిపోతూనే ఉంటాయి.

మొదట కలిసినవి గంట తర్వాత మళ్ళీ విడిపోయాయి. రికార్డరు గడియారం, కెమెరా గడియారం అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు, దాదాపు రెండు ఫ్రేములు. ఫోన్ల వీడియోకు ఇంకో గుణం ఉంది. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని తామే మార్చుకుంటాయి. రాత్రి పందిరి కింద తీసిన వీడియో కాబట్టి ఆ క్లిప్పులను ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకున్నాను. గడియారాల తేడాకు మాత్రం కథకుడు ఊపిరి తీసుకునే చోట్ల క్లిప్పును కోసి, మళ్ళీ ఒక 'బీరప్ప' దగ్గర కలుపుతూ పోయాను. బొమ్మను వేరే కెమెరాకు మార్చే క్షణంలోనే ఆ సవరణ పెడితే ఎవరి కంటా పడదు.

డోలు పక్కన పెట్టిన ఫోను శబ్దం పూర్తిగా వదిలేశాను. దాని వేవ్‌ఫామ్ కొనలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయి. మైకు పట్టగలిగినంత దాటిన శబ్దం అక్కడ తెగిపోయింది. టైమ్‌లైన్‌లో వాల్యూమ్ తగ్గిస్తే ఆ చదును కొన పొట్టిదవుతుందే తప్ప గుండ్రంగా మారదు. డోలు మోతను వెనక కెమెరా నుంచి తీసుకున్నాను. దూరం వల్ల దానికది కొంత మెత్తబడి ఉంది.

మా బావకూ నాకూ మాట పట్టింపు వచ్చింది ఒక్క చోటే. నిశ్శబ్దాలను వెతికి వాటంతటవే తీసేసే సౌకర్యాలు ఇప్పుడు చాలా యాప్‌లలో ఉన్నాయి. దాంతో కథ పొట్టిదై జనం చూస్తారని బావ వాదన. నేను ఒప్పుకోలేదు. కామరాతి తలుపు దగ్గరికి వచ్చిందని చెప్పి పెద్దాయన ఆగుతాడు. వంతపాడే మనిషి "వచ్చి?" అంటాడు. ఆ ఆగడం వేవ్‌ఫామ్‌లో ఉత్త ఖాళీయే. అది తీసేస్తే మిగిలేది చదివి వినిపించినట్టుంటుంది, చెప్పినట్టుండదు. ఆ చోటును విన్నాక బావ కూడా వద్దన్నాడు. టీ తాగడానికి మేళం లేచిన చోట్లు మాత్రమే కోశాం. కోసిన ప్రతి చోటా ఒకటి రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా కలపడం) వేశాను, లేకపోతే టిక్కుమనే చప్పుడు వస్తుంది.

పూర్తయిన వీడియో మేళం వాళ్ళ దగ్గర ఉంది. రికార్డరు తీసిన అసలు ఫైళ్ళను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ రూపంలోనే విడిగా ఉంచాం. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది, హార్డ్ డిస్కుకు అదేం బరువు కాదు. ఈసారి మల్లన్న కథ తీయబోతున్నాం. వెనక కెమెరాకు మిక్సర్ నుంచి నేరుగా తీగ లాగిస్తానని మైక్‌సెట్టు అన్న మాటిచ్చాడు. తీగలో వచ్చే శబ్దానికి ఆ రెండున్నర ఫ్రేముల ఆలస్యం ఉండదు.